ఏకగ్రీవ సమాజంలో అపరాధ పరిశోధన: కనిష్ఠ రాజ్యపు డిటెక్టివ్ కథ, తెలుగు అనుభవం

ఉపోద్ఘాతం

తెలుగు విమర్శ డిటెక్టివ్ నవలను చాలాకాలం కాలక్షేప సాహిత్యంగానే పరిగణించింది. పాఠకుల సంఖ్య, ప్రచురణకర్తల లాభం, అనుకరణల పరంపర వంటి విషయాలు చర్చకు వచ్చినంతగా ఆ ప్రక్రియ ఏ సామాజిక ఏర్పాటుపై ఆధారపడి నిలుస్తుందన్న ప్రశ్న చర్చకు రాలేదు. ప్రతి అపరాధ పరిశోధక కథలోనూ రెండు ప్రశ్నలుంటాయి. నేరం చేసినదెవరు అన్నది మొదటిది. అది తేలిన తరువాత ఏమి జరగాలి, జరిగేలా చూడవలసినదెవరు అన్నది రెండవది. పాఠకుని ఆసక్తి అంతా మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. రెండవదానికి సమాధానం ముందే సిద్ధంగా ఉంటుంది కనుక అది ప్రశ్నగానే కనిపించదు. ఆఖరి పుటల్లో ఇన్‌స్పెక్టర్ వస్తాడు, సంకెళ్ళు పడతాయి, కథ ముగుస్తుంది.

ఆ ఇన్‌స్పెక్టరును కథలోంచి తొలగిస్తే ఏమవుతుంది? పోలీసు, న్యాయస్థానం, కారాగారం లేని సమాజాన్ని, లేదా అవి నామమాత్రంగా ఉన్న సమాజాన్ని రచయిత ఊహించుకొని, అందులో ఒక హత్యను, ఒక పరిశోధకుణ్ణి ప్రవేశపెడితే ప్రక్రియలో వచ్చే మార్పులేమిటి? ఈ ప్రయోగం ఇంగ్లీషు వైజ్ఞానిక కల్పన సాహిత్యంలో జరిగింది. తెలుగులో అటువంటి సమాజాన్ని ఊహించనవసరం లేకుండానే, రాజ్యం దూరంగా ఉన్న పల్లెను కేంద్రంగా చేసుకొన్న కథలు, నవలలు ఉన్నాయి. ఈ రెండు ధారలనూ ఒకచోట ఉంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. వీటి మధ్య ప్రభావ సంబంధం ఉన్నదని ఇక్కడ ప్రతిపాదించడం లేదు. ఒకే సమస్యను భిన్న సమాజాలు ఏ విధంగా ఎదుర్కొన్నాయో చూడడం మాత్రమే జరుగుతుంది.

ఈ వ్యాసపు ప్రతిపాదన ఇది: కనిష్ఠ రాజ్య సమాజం అందరి సమ్మతి మీద నిలుస్తుంది. డిటెక్టివ్ మాత్రం స్వభావరీత్యా అసమ్మతివాది. అందరూ ఒప్పుకొన్న కథనాన్ని కాదని చెప్పడమే అతని వృత్తి. కనుక అటువంటి సమాజంలో డిటెక్టివ్ కథ ఆ సమాజపు పునాదినే పరీక్షకు పెడుతుంది. ఆ పరీక్షను ఊహాలోక నవలలు ఎంతవరకు ఎదుర్కొన్నాయి, తెలుగు పల్లెను చూసిన రచన ఎంతవరకు ఎదుర్కొన్నది అన్నది పరిశీలనాంశం.

డిటెక్టివ్ వెనుక నిలబడిన రాజ్యం

తెలుగులో అపరాధ పరిశోధక నవల 20వ శతాబ్ది తొలి దశకాల్లో అనువాదాలుగా, అనుసరణలుగా ప్రవేశించింది. 1950ల చివరినుంచి కొమ్మూరి సాంబశివరావు రచనలతో దానికి స్థిరమైన రూపం, విస్తారమైన పాఠకలోకం ఏర్పడ్డాయి. ఆయన సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు రెండు తరాల పాఠకులకు ఇంటి మనుషులంత పరిచితులు. ఆరుద్ర వంటి కవి, పరిశోధకుడు సైతం ఈ ప్రక్రియలో నవలలు రాశాడంటే దాని ఆకర్షణను అర్థం చేసుకోవచ్చు.

యుగంధర్ ప్రైవేటు డిటెక్టివ్. ప్రభుత్వోద్యోగి కాడు. అయినా అతని పక్కన ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఉంటాడు. స్వతంత్ర భారతదేశపు తొలి దశాబ్దాల పోలీసు అధికారికి 'స్వరాజ్య' అన్న పేరుండడం యాదృచ్ఛికమే కావచ్చు కాని, ఆ పేరు కథానిర్మాణానికి చక్కగా నప్పింది. బుద్ధి ప్రైవేటు వ్యక్తిది. బలం రాజ్యానిది. ఒకరు తెలుసుకొంటారు, మరొకరు పట్టుకొంటారు. ఈ శ్రమ విభజనే ఆ నవలలకు వెన్నెముక.

ఈ విభజనకు చట్టంలోనూ ఆధారం ఉంది. 2024 వరకు అమలులో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 43వ సెక్షన్ సామాన్య పౌరునికి అరెస్టు చేసే అధికారాన్ని చాలా పరిమితంగా మాత్రమే ఇచ్చింది. ప్రైవేటు డిటెక్టివ్‌కు అంతకు మించిన అధికారమేదీ లేదు. డిటెక్టివ్ సంస్థలను క్రమబద్ధం చేయడానికి 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. మరోవైపు 2024 వరకు అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ఎదుట నిందితుడు చేసిన నేరాంగీకారాన్ని అతనిపై రుజువుగా వాడడానికి వీలుండేది కాదు. అదే అంగీకారం పోలీసు కాని వ్యక్తి ఎదుట స్వచ్ఛందంగా చేస్తే, ఇతర షరతులకు లోబడి, దానికి సాక్ష్య విలువ ఉంటుంది. డిటెక్టివ్ నవలల్లో తరచూ కనిపించే చివరి ఘట్టాన్ని ఈ వెలుగులో చూడాలి. అనుమానితులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, పరిశోధకుడు జరిగినదంతా వివరించి, నేరస్థుని చేతనే ఒప్పించడం కేవలం నాటకీయత కాదు. రాజ్యానికి ఉన్న ఒక లోటును రాజ్యేతరుడు పూరించే సందర్భమది. పోలీసు వినరాని మాట డిటెక్టివ్ వినగలడు.

అంటే సాధారణ డిటెక్టివ్ నవలలోనే కనిష్ఠ రాజ్యపు బీజం ఉన్నదన్నమాట. రాజ్యం ఒక్కటే నిజాన్ని తెలుసుకోలేదన్న అపనమ్మకం లేకపోతే ప్రైవేటు డిటెక్టివ్ పుట్టడు. కాని ఆ అపనమ్మకం గది గడప వరకే. గడప దాటిన తరువాత స్వరాజ్యరావు కావలసిందే.

ఒక్క మాటతో మారిన దేశం

ఆ గడపను కూడా చెరిపేసిన రచన అమెరికన్ రచయిత ఎల్. నీల్ స్మిత్ తొలి నవల 'ది ప్రాబబిలిటీ బ్రోచ్'. వ్యక్తి స్వేచ్ఛను ప్రధానంగా తీసుకొన్న వైజ్ఞానిక కల్పనలకిచ్చే ప్రొమీథియస్ పురస్కారాన్ని అది 1982లో పొందింది. కథానాయకుడు విన్ బేర్ డెన్వర్ నగరంలో హత్యకేసులు చూసే పోలీసు డిటెక్టివ్, యూట్ తెగకు చెందిన ఆదివాసి. ఒక భౌతిక శాస్త్రవేత్త హత్యను పరిశోధిస్తూ అతడు మరొక ప్రపంచంలోకి వెళ్ళి పడతాడు. అక్కడ అమెరికా సంయుక్త రాష్ట్రాలు లేవు. ఉత్తర అమెరికా సమాఖ్య ఉన్నది. పన్నులు, నిర్బంధ చట్టాలు, పోలీసు వ్యవస్థ దాదాపు లేవు. ఆయుధం ధరించడం సామాన్య విషయం. విన్ బేర్‌కు ప్రతిరూపమైన మరొక బేర్ అక్కడ ప్రైవేటు పరిశోధకుడుగా ఉంటాడు.

రెండు ప్రపంచాలూ వేరైన మలుపును రచయిత ఒక్క పదంలో పెట్టాడు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన ప్రభుత్వానికి అధికారం పాలితుల సమ్మతి వల్ల వస్తుందని చెప్పింది. స్మిత్ ఊహించిన చరిత్రలో ఆ సమ్మతికి ముందు 'ఏకగ్రీవ' అన్న విశేషణం చేరింది. ఒక్క మనిషి ఒప్పుకోకపోయినా ప్రభుత్వానికి అతనిపై అధికారం ఉండదు. ఆ ఒక్క పదం ఆధారంగా 1794 నాటి విస్కీ తిరుగుబాటు విజయవంతమవుతుంది, సమాఖ్య ప్రభుత్వం కూలిపోతుంది, చరిత్ర దారి మారుతుంది.

ఇది చమత్కారమైన కల్పన. ఏకగ్రీవమన్న షరతు ఇక్కడ ప్రతి వ్యక్తికీ నిరాకరణ హక్కునిస్తున్నది. నిర్ణయం కుదరాలంటే అందరూ ఒప్పుకోవాలి. కనుక ఒప్పుకోని ఒక్కడే అందరికన్నా బలవంతుడు. నవల చూపే సమాజపు హుషారుకు, వైవిధ్యానికి ఇదే మూలం.

డిటెక్టివ్ కథగా చూసినప్పుడు మాత్రం రెండు విషయాలు గమనార్హం. మొదటిది, నేరానికి మూలం ఆ సమాజపు నిర్మాణంలో లేదు. కుట్రదారులు రాజ్యాన్ని తిరిగి తేవాలనుకొనేవారు, వారికి తోడు డెన్వర్ వైపు ప్రభుత్వ గూఢచారి సంస్థ. రాజ్యం లేని చోట మనుషుల మధ్య సహజంగా పుట్టే పగ, భూమి తగాదా, పరువు హత్య కథకు కేంద్రం కావు. రెండవది, పరిశోధన మెళకువలు తెలిసిన కథానాయకుడు వాటిని నేర్చుకొన్నది రాజ్యమున్న ప్రపంచంలో, పోలీసు ఉద్యోగంలో. హత్యనూ డిటెక్టివ్‌నూ కూడా పాత ప్రపంచం నుంచి దిగుమతి చేసుకొన్నందువల్ల కొత్త సమాజానికి అసలు పరీక్ష తప్పిపోయింది. ఆ సమాజంలోని పెద్దమనిషి ఒకడు తన పొరుగువాణ్ణి చంపి, చుట్టుపక్కలవారంతా అది ప్రమాదమని ఒప్పుకొంటే విన్ బేర్ ఏమి చేస్తాడు? ఆ ప్రశ్నను నవల అడగదు.

డిటెక్టివ్‌ను నియమించేదెవరు?

వెర్నర్ వింజ్ 1986లో ప్రచురించిన 'మరూన్డ్ ఇన్ రియల్‌టైమ్' ఈ విషయంలో మరికొంత ముందుకు వెళ్ళింది. అంతకుముందు సంవత్సరం వచ్చిన 'ది అన్‌గవర్న్‌డ్' కథలో వింజ్ ప్రభుత్వం లేని అమెరికాను, చందాదారులకు రక్షణ కల్పించే ప్రైవేటు పోలీసు కంపెనీలను చిత్రించాడు. ఆ కంపెనీల్లో ఒకదాని ఉద్యోగి విల్ బ్రియర్సన్ ఈ నవలలోనూ పరిశోధకుడు. మానవజాతి దాదాపు అంతా అదృశ్యమైన సుదూర భవిష్యత్తులో, కాలాన్ని స్తంభింపజేసే గోళాల్లో ఉండిపోయి బతికిన కొన్ని వందలమంది మిగులుతారు. వారిని కూడగట్టిన ఇద్దరిలో ఒకరైన మార్తా, అందరూ గోళాల్లో ఉన్న కాలంలో కుట్రవల్ల బయట ఒంటరిగా మిగిలిపోయి, దశాబ్దాలు బతికి మరణిస్తుంది. అది హత్యే. ఆయుధం కాలం.

ఈ నవలలో రాజ్యం లేదు కాని అధికారం ఉన్నది. ఉన్నత సాంకేతిక పరికరాలున్న కొద్దిమంది చేతుల్లో మిగిలినవారి బతుకులున్నాయి. బ్రియర్సన్‌ను పరిశోధనకు నియమించినది మార్తా సహచరి యెలెన్, ఆ కొద్దిమందిలో అత్యంత శక్తిమంతురాలు. చనిపోయిన మనిషి వెనుక అంత బలమున్న వ్యక్తి ఉన్నందువల్లనే ఆ హత్యపై విచారణ జరిగింది. నవల గొప్పదనం ఈ అసమానతను దాచకపోవడంలో ఉన్నది. మార్తా ఒంటరితనంలో రాసుకొన్న డైరీ ప్రధాన సాక్ష్యం కావడం కూడా అర్థవంతమైన ఎన్నిక. సమాజం మొత్తం లేని చోట కూర్చొని, ఎవరి సమ్మతీ అవసరం లేకుండా, ఒక మనిషి తనకు తెలిసినది రాసిపెట్టుకొన్నది.

రాబర్ట్ నోజిక్ 1974లో 'అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా'లో రక్షణ సంస్థల పోటీనుంచి కనిష్ఠ రాజ్యం ఏ విధంగా ఆవిర్భవిస్తుందో తర్కబద్ధంగా వివరించాడు. ఆ తర్కాన్ని కథగా మార్చినప్పుడు ఒక చిన్న ప్రశ్న మిగులుతుంది. చందా కట్టలేనివాడు చనిపోతే డిటెక్టివ్‌ను నియమించేదెవరు? వింజ్ నవలలో యెలెన్ ఉన్నది. యెలెన్ లేని మనిషి కథ ఏది? ఆ కథ కోసం మనం తెలుగు పల్లెకు రావాలి.

నలుగురూ కలిసి వస్తేనే

తెలుగువారికి రాజ్యం తక్కువ, బుద్ధి ఎక్కువ అయిన అపరాధ పరిశోధకుడు కొత్తవాడు కాడు. మర్యాద రామన్న తీర్పులు తెలుగు వాచిక సంప్రదాయంలో విస్తృతంగా ఉన్నాయి. తమిళంలో మరియాదై రామన్ పేరుతో ఇవే కథలు ప్రచారంలో ఉన్నాయి. రామన్నకు భటులు, బందిఖానా ప్రధానం కావు. నూనె వర్తకుని డబ్బులెవరివో తేల్చడానికి నాణేలను నీటిలో వేయించి, పైకి తేలిన జిడ్డును సాక్ష్యంగా చూపించడంలో భౌతిక సాక్ష్యపు పరిశీలన ఉన్నది. చెట్టును సాక్షిగా పిలుచుకు రమ్మని వాదిని పంపి, ఈలోగా ప్రతివాది నోట ఆ చెట్టు ఎంత దూరమో చెప్పించడంలో నేటి విచారణాధికారి మెళకువ ఉన్నది. ఆ చెట్టునే ఎరుగననే మనిషికి దాని దూరం తెలియడమే రుజువు.

వీటిలో నలుగురు దొంగల కథ మన చర్చకు కీలకం. నలుగురు మనుషులు ఒక పేదరాశి పెద్దమ్మ దగ్గర డబ్బు మూట దాచి, నలుగురమూ కలిసి వస్తేనే ఇవ్వమని ఒప్పందం చేసుకొంటారు. వారిలో ఒకడు మోసంతో మూట పట్టుకొని పారిపోతాడు. మిగిలిన ముగ్గురూ ముసలమ్మపై ఫిర్యాదు చేస్తే, పాత న్యాయాధికారి ఆమె చేతనే డబ్బు కట్టించమని తీర్పిస్తాడు. రామన్న ఆ తీర్పును తిరగరాస్తాడు. ఒప్పందం ప్రకారం నలుగురూ కలిసి రావాలి. పారిపోయిన నాలుగోవాణ్ణి తీసుకువస్తే ముసలమ్మ డబ్బు ఇస్తుంది.

స్మిత్ నవలలోని ఏకగ్రీవ షరతు, ఈ కథలోని షరతు ఒకటే. రామన్న దానిని బలహీనురాలి కవచంగా మార్చాడు. బలవంతులు తమ సౌకర్యం కోసం పెట్టుకొన్న నియమాన్ని అక్షరాలా పాటించమనడమే అతని నేర్పు. అయితే ఈ కథకు ఒక ముందు షరతు ఉన్నది. రామన్న మాట వినడానికి రాజు సిద్ధంగా ఉండాలి. బజారులో ఎవరో కుర్రవాడు తీర్పు తప్పన్న మాట రాజు చెవిన పడి, అతడు పిలిపించినందువల్లనే ఆ కుర్రవాడు న్యాయాధికారి అయ్యాడని కథ చెబుతుంది. ఊరి పెద్దలు ఒప్పుకొన్న తీర్పును కాదనగల మనిషికి ఊరి వెలుపలి అండ కావలసివచ్చింది. పోలీసు లేకపోయినా ఫరవాలేదని చెప్పే కథ కూడా ఊరికి పైన మరొక విచారణ చోటు ఉండాలని ఒప్పుకొంటున్నది.

అందరికీ తెలిసిన హత్య

ఊరికి పైనున్న ఆ చోటు లేని సందర్భాన్ని, లేదా ఉన్నా ఊరిలోని బలవంతుల చేతిలోనే ఉన్న సందర్భాన్ని ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' చూపింది. 1922లో వెలువడి మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైన ఈ నవలను డిటెక్టివ్ కథగా ఎవరూ చదవలేదు, చదవనవసరమూ లేదు. కాని డిటెక్టివ్ కథ ఎందుకు అసాధ్యమైందో చెప్పే నవలగా దానిని చదవవచ్చు.

మంగళాపురంలో సంగదాసు చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి స్నేహితుడు. కూలి విషయంలో మాలపల్లివారిని కూడగట్టిన సంగదాసు చౌదరయ్య కోపానికి బలై చనిపోతాడు. ఆ చావు దానికి తగిన శిక్షకు దారితీయదు. ఇక్కడ 'ఎవరు చేశారు' అన్న ప్రశ్నకు తావే లేదు. వేలిముద్రలు, కాలిగుర్తులు, అనుమానితుల జాబితా అక్కరలేదు. తెలిసినవారికి తెలుసు. అది రుజువుగా మారే దారి మాత్రం లేదు. సంగదాసు తరఫున డిటెక్టివ్‌ను నియమించగల యెలెన్ లేదు. తండ్రి రామదాసు భక్తుడు, పేద, మాలపల్లివాసి.

విక్రమార్కుని భుజంమీది బేతాళుడు ప్రతి కథ చివరా ఒక షరతు పెడతాడు. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. 'చందమామ' చదివి పెరిగిన ప్రతి తెలుగు పాఠకునికి అది కంఠస్థం. డిటెక్టివ్ ప్రక్రియ నైతిక సూత్రం ఇదే. తెలిసినవాడు చెప్పి తీరాలి. మంగళాపురంలో సూత్రం తలకిందులైంది. తెలిసి చెప్పనివారి తలలు క్షేమం, చెప్పినవారివి కావు.

నవల ఇక్కడితో ఆగలేదు. సంగదాసు అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో ఒక దళాన్ని నడుపుతూ, సంపదను తిరిగి పంచే సమాంతర వ్యవస్థను నిర్మిస్తాడు. సంగపీఠం మరొక ప్రయత్నం. రెండూ ప్రభుత్వం వెలుపల రూపొందిన ప్రత్యామ్నాయ సమాజ నమూనాలే. మరోవైపు ప్రభుత్వం అమాయకంగా మిగలలేదు. రామదాసు కుటుంబం సెటిల్‌మెంటు పాలు, జైలు పాలు అవుతుంది. సంగదాసు మరణంలో లేని రాజ్యం రామదాసును నిర్బంధించడంలో పూర్తిగా ఉన్నది. కనిష్ఠ రాజ్యం గురించి తెలుగు నవల చేసిన అతి సూక్ష్మమైన పరిశీలన ఇదేనని ఈ వ్యాసం భావిస్తున్నది. రాజ్యం తక్కువగా ఉండడమంటే అందరికీ సమానంగా తక్కువగా ఉండడం కాదు. అది కొందరికి అందదు, కొందరిని వదలదు.

సరిహద్దు పల్లెలు, ఏకగ్రీవం

మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెలో నిత్యజీవితంలో కనిపించే ప్రభుత్వం మునసబు, కరణం. వారి పదవులు వంశపారంపర్యం. చిన్న వ్యాజ్యాలను విచారించే అధికారం గ్రామ మునసబుకు ఉండేది. ఊరిలో అధికారమున్న కుటుంబమే ప్రభుత్వ ప్రతినిధి కూడా. ఈ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో 1984 వరకు కొనసాగింది. అంటే మన పల్లెల్లో కనిష్ఠ రాజ్యం వైజ్ఞానిక కల్పన కాదు, ఇటీవలి చరిత్ర.

నేటి ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు ప్రాంతం ఈ చర్చకు ఒక అదనపు కోణాన్నిస్తుంది. ఖమ్మం జిల్లా పొలిమేరలో ఉన్న ఈ ప్రాంతం బ్రిటిష్ పాలనకు, నిజాం పాలనకు మధ్య సరిహద్దుగా ఉండేది. 1956లో ఆ గీత చెరిగిపోయింది, 2014లో రాష్ట్రాల సరిహద్దుగా తిరిగి ఏర్పడింది. ఒకే భాష, ఒకే బంధుత్వాల మనుషుల మధ్య ఒక ప్రభుత్వపు పరిధి ముగిసి మరొకటి మొదలయ్యే చోటు ఇది. నేరస్థుడు పొలిమేర దాటితే పరిశోధకుని అధికారం ఆగిపోతుంది, వార్త మాత్రం ఆగదు. ఏ డిటెక్టివ్ రచయితకైనా ఇది సిద్ధంగా ఉన్న రంగస్థలం.

ఆ సరిహద్దుకు అవతల 1946–51 మధ్య జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడినట్లు పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశాడు. పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్ పారిపోయిన చోట గ్రామ కమిటీలు భూమిని పంచాయి, తగాదాలు తీర్చాయి. పాత ప్రభుత్వం లేకుండా తెలుగు గ్రామాలు కొంతకాలం నడిచిన నిజమైన సందర్భమది. ఆ పల్లెలో దొంగతనం జరిగితే విచారించినదెవరు, సాక్ష్యాన్ని తూచినదెవరు, నింద పొరపాటైతే సరిచేసినదెవరు అన్న ప్రశ్నలు నవలకు అర్హమైనవి. ఆ పోరాటం ముగిసిన కొద్ది సంవత్సరాలకే వికసించిన తెలుగు డిటెక్టివ్ నవల మాత్రం మద్రాసు వీథుల్లో, బంగళాల్లో, హోటళ్ళలో తన లోకాన్ని వెతుక్కొన్నది. తిరువూరు వంటి పట్టణాల పాఠకులు ఆ నవలలను చదివారు, వారి ఊళ్ళు మాత్రం ఆ నవలల్లోకి వెళ్ళలేదు.

పల్లెకు సంబంధించి 'ఏకగ్రీవం' అన్న పదానికి తెలుగులో స్థిరపడిన అర్థం ఒకటున్నది. పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకోవడం. గ్రీవమంటే మెడ. ఊరంతా ఒకే మెడగా తల ఊపడం. 2021 పంచాయతీ ఎన్నికల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ప్రకటించింది. ఆ ఏకగ్రీవాల వెనుక ఒత్తిళ్ళు ఉండవచ్చునన్న సందేహాలూ అప్పుడే చర్చకు వచ్చాయి. ఐకమత్యానికి ఖర్చు తక్కువ, కక్షలు తగ్గుతాయి అన్న వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని నామినేషన్ వేయాలనుకొని వేయలేకపోయిన మనిషి ఆ లెక్కలో కనిపించడు. స్మిత్ నవలలో ఏకగ్రీవమన్న షరతు ఒంటరి మనిషికి నిరాకరణ హక్కునిచ్చింది. మన అనుభవంలో అదే మాట ఆ ఒంటరి మనిషిని నిశ్శబ్దుణ్ణి చేయడానికి కూడా ఉపయోగపడింది. పదం ఒకటే. తేడా అంతా కాదనేవాడు మరునాడు ఆ ఊళ్ళో బతకగలడా అన్నదానిలో ఉన్నది.

అందుకు తీవ్రమైన ఉదాహరణ చుండూరు. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లాలోని ఆ గ్రామంలో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. బాధితుల పోరాట ఫలితంగా ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్ళోనే ఏర్పాటు చేశారు. ఊరి వెలుపలి విచారణ ఊరిలోకి వచ్చి కూర్చొన్న అరుదైన ఘట్టమది. 2007లో ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా ప్రకటించింది. రాజ్యం ఉన్నంతమాత్రాన చివరి పుట నవలలో వలె ముగియదని ఈ పరిణామం చూపుతుంది. అయినా ఆ ఊరి న్యాయస్థానంలో ఒక పని జరిగింది. గ్రామంలో బలవంతుల సమ్మతికి విరుద్ధమైన మాటను బాధితులు నిలబడి చెప్పారు, అది నమోదైంది. పల్లెను ఆదర్శ స్వయంపాలక వ్యవస్థగా భావించిన వారితో 1948లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఎందుకు విభేదించాడో ఈ సందర్భంలో మరింత స్పష్టమవుతుంది.

ఈ సమస్యను ఊహాలోక సాహిత్యం బొత్తిగా గుర్తించలేదని అనడం న్యాయం కాదు. అర్సులా లె గ్విన్ 1974 నాటి 'ది డిస్‌పొసెస్‌డ్' నవలలో ప్రభుత్వం లేని అనారెస్ లోకంలో ఇరుగుపొరుగుల అభిప్రాయమే కనబడని ప్రభుత్వంగా మారడాన్ని చిత్రించింది. భౌతిక శాస్త్రవేత్త షెవెక్‌ను ఆపినవి చట్టాలు కావు, సహచరుల మొహాలు. అది డిటెక్టివ్ నవల కాదు. కాని స్మిత్ అడగని ప్రశ్నను అది అడిగింది.

ముగింపు

కనిష్ఠ రాజ్యంలోని డిటెక్టివ్ కథకు అరెస్టు ముగింపు కాజాలదు. తేలిన నిజాన్ని సమాజం అంగీకరించడమే ముగింపు కావాలి. కథాభారం నేరస్థుని నుంచి సాక్షి మీదికి మారుతుంది. స్మిత్ ఈ మార్పు అవసరాన్ని తప్పించుకొన్నాడు. వింజ్ డిటెక్టివ్ వెనుక ఒక శక్తిమంతురాలిని నిలబెట్టి సగం దూరం నడిచాడు. మర్యాద రామన్న కథ రాజు చెవిని అరువు తెచ్చుకొన్నది. 'మాలపల్లి' మాత్రం సాక్షి నోరు విప్పలేని స్థితిని, అదే సమయంలో రాజ్యపు పక్షపాతాన్ని ఒకే కథలో చూపి, సమస్యను ఉన్నదున్నట్లుగా మన ముందు పెట్టింది.

దీనినుంచి రాజ్యం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నిర్ణయానికి రావడం సరికాదు. సెటిల్‌మెంటులో బంధించినదీ రాజ్యమే. రావలసిన నిర్ణయం మరొకటి. ఏ సమాజమైనా, అందులో ప్రభుత్వం ఎంత ఉన్నా, అందరూ ఒప్పుకొన్నదానిని కాదని చెప్పే మనిషికి చోటు ఎంత ఇస్తున్నదన్నదే దాని కొలత. అపరాధ పరిశోధక సాహిత్యం ఆ చోటును కథగా కొలిచే ప్రక్రియ. కనుక దానిని కాలక్షేపమని పక్కన పెట్టడం విమర్శకు తగదు.

తెలుగులో కనిష్ఠ రాజ్యపు డిటెక్టివ్ నవల రావలసి ఉన్నదనుకొంటే, దానికి కాల్పనిక అమెరికా అక్కరలేదు. గ్రామరాజ్యపు పల్లె ఉన్నది, రెండు ప్రభుత్వాల మధ్య పొలిమేర ఉన్నది, ఏకగ్రీవమైన ఊరు ఉన్నది. ఆ నవలలో పరిశోధకుడు వెతకవలసినది హంతకుణ్ణి కాకపోవచ్చు. హంతకుడెవరో తెలిసి కూడా నోరు మెదపని ఊరిలో, మొదట మాట్లాడగల ఒక్క మనిషిని. ఆ మనిషి మాట్లాడిన తరువాత మరునాడు ఉదయం ఊరి బావి దగ్గర ఏమి జరిగిందో కూడా ఆ నవల రాయాలి.